ఆకుపొడికి దాణాలో చోటుంది, కానీ అది సోయా చోటు కాదు

ఆ రోజు పొద్దున్న గుడ్ల ట్రేలు నిండలేదు. ముందు రోజూ నిండలేదు, కానీ మబ్బు పట్టింది కదా అందుకే అనుకున్నాను. అంతకు ముందు రోజు, ఏవో రెండు మూడు పెట్టలు ఈకలు రాలుస్తున్నాయి కదా అని సరిపెట్టుకున్నాను. ఆ పొద్దున సరిపెట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. 60 పెట్టలున్న షెడ్డులో రోజూ 48, 50 గుడ్లు ఏరుకునేవాణ్ణి. ఆ రోజు చేతికి వచ్చినవి 36. జబ్బు లేదు. నీళ్ళు మారలేదు. లైటు వేసే టైము మారలేదు. మారింది ఒక్కటే. మూడు వారాల ముందు నుంచి దాణాలో 15 శాతం సుబాబుల్ ఆకుపొడి కలుపుతున్నాను.

ఆ నిర్ణయం తొందరలో తీసుకున్నది కాదు. కూర్చుని లెక్క వేశాను. ఎండిన సుబాబుల్ ఆకులో ప్రొటీన్ 25 శాతం చుట్టూ ఉంటుంది. సోయా చెక్కలో 44. మొక్కజొన్నలో ఎనిమిదిన్నర. 100 కిలోల దాణాలోంచి 8 కిలోల సోయా, 7 కిలోల మొక్కజొన్న తీసేసి ఆ 15 కిలోల చోట ఆకుపొడి వేస్తే, కాగితం మీద తగ్గే ప్రొటీన్ అర శాతం కూడా లేదు. దాణాలో అన్నిటికన్నా ఖరీదైనది సోయా. ఆకు చెట్టునే ఉంది. ఇంత తేలికైన లెక్కని అందరూ ఎందుకు వదిలేస్తున్నారా అని కూడా అనుకున్నాను.

ఆ లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. అందుకే ఇది రాస్తున్నాను. ఆకుపొడి గురించి వినిపించే మాటలు రెండు రకాలు. ఆకు అంటే ఊరికే దొరికే ప్రొటీన్, సోయా మానేసి ఆకు వేయండి అనేది ఒకటి. ఆకు పశువుల మేత, గుడ్లు పెట్టే కోడికి అది చెత్తతో సమానం అనేది రెండోది. నేను మొదటి మాట నమ్మి దెబ్బ తిన్నాను. దెబ్బ తిన్నాక కొన్నాళ్ళు రెండో మాట నమ్మాను. ఇప్పుడు రెండూ తప్పనే అంటాను. గుడ్ల కోడి దాణాలో ఆకుపొడికి ఒక చోటుంది. అది చిన్న చోటు, 5 శాతం దగ్గర ఉండే చోటు. దాని కోసం పక్కకి జరగాల్సింది గోధుమ తవుడు. సోయా, మొక్కజొన్న ఎక్కడివక్కడే ఉండాలి.

ముందు ప్రొటీన్ సంగతి చూద్దాం, ఎందుకంటే అందరం పడేది అక్కడే. ల్యాబ్ రిపోర్టులో ప్రొటీన్ అని రాసే అంకె నిజానికి ప్రొటీన్‌ని కొలిచి రాసింది కాదు. అది నత్రజనిని కొలిచి 6.25తో గుణించి రాసిన అంకె. యోహాన్ జెల్‌డాల్ అనే డేనిష్ రసాయన శాస్త్రవేత్త 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఈ పద్ధతి తయారుచేశాడు. బీరు కాచే ధాన్యం కోసం మొదలైన పని అది. గింజల విషయంలో ఈ అంకె నిజానికి బాగా దగ్గరగానే ఉంటుంది. ఆకు విషయంలో అంత దగ్గరగా ఉండదు. ఆకులోని నత్రజని అంతా ప్రొటీన్‌లో ఉండదు. కొంత నైట్రేట్ల రూపంలో, కొంత విడి అమైనో ఆమ్లాల (ప్రొటీన్ కట్టడానికి పనికొచ్చే చిన్న ముక్కల) రూపంలో, కొంత పీచుకి అతుక్కుపోయి కోడికి అందని రూపంలో ఉంటుంది. సుబాబుల్‌లో ఉండే మైమోసిన్ అనే విషం కూడా ఒక అమైనో ఆమ్లమే. దానిలోనూ నత్రజని ఉంది. అంటే నేను ప్రొటీన్ అని లెక్కేసుకున్న దానిలో కొంత భాగం ఆ విషమే. ఈ సంగతి అర్థమైన రోజు నాకు నిజంగా బాధేసింది.

నత్రజని లెక్క సరిగ్గా ఉన్నా, కోడికి కావలసింది ప్రొటీన్ మొత్తం ఒక్కటే కాదు. గుడ్డులో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు ఎక్కువ. అందుకే మొక్కజొన్న, సోయాలతో చేసిన దాణాలో అన్నిటికన్నా ముందు కొరత పడేది వాటిలో ఒకటైన మెథియోనిన్. ఆకుల్లోనూ సాధారణంగా తక్కువగా ఉండేది అదే. కొరత ఉన్న చోటనే ఇంకో కొరత కలిపితే ఏమవుతుంది? కోడి తను తినే ప్రొటీన్‌లో మెథియోనిన్ ఎంతవరకు వస్తే అంతవరకే గుడ్డుకి వాడుకుంటుంది, మిగతాది రెట్టలో పోతుంది. దీనికి తోడు చాలా చెట్ల ఆకుల్లో టానిన్లు అనే వగరు పదార్థాలు ఉంటాయి. అవి ప్రొటీన్‌ని పట్టుకుని అరగనివ్వవు.

ఇక అసలు దెబ్బ శక్తి దగ్గర తగిలింది. దాణా గురించి మాట్లాడుకునేటప్పుడు మనం ప్రొటీన్ గురించి ఎంత మాట్లాడతామో శక్తి గురించి అంత తక్కువ మాట్లాడతాం. మొక్కజొన్న కిలోకి కోడికి అందే శక్తి 3350 కిలో కేలరీలు. సోయా చెక్క కిలోకి 2230. లూసర్న్ అనే పశుగ్రాసంతో బాగా తయారుచేసిన ఆకుపొడికి 1200 దాకా లెక్క కడతారు. చెట్ల ఆకుల పొడికి 1000 అనుకున్నా అది ఉదారమైన లెక్కే. కోడికి ఆవులా నెమరు వేసే పొట్ట లేదు. పీచుని విరిచే ఎంజైములు దాని పేగులో పుట్టవు. మేత కొన్ని గంటల్లోనే లోపలి నుంచి బయటికి వెళ్ళిపోతుంది. పేగు చివర ఉన్న రెండు చిన్న తిత్తుల్లో సూక్ష్మజీవులు కాస్త పీచుని పులియబెడతాయి కానీ దానివల్ల ఒరిగేది కొంచెమే.

ఇప్పుడు నా 15 శాతాన్ని మళ్ళీ లెక్క కట్టండి. 8 కిలోల సోయా, 7 కిలోల మొక్కజొన్న పోయి 15 కిలోల ఆకు వచ్చింది. కిలో దాణాకి తగ్గిన శక్తి 260 కిలో కేలరీల పైమాటే. 2700 ఉండాల్సిన దాణా 2440 దగ్గరికి దిగిపోయింది. రోజుకి 110 గ్రాములు తినే పెట్టకి ఇదివరకు అందిన శక్తే మళ్ళీ అందాలంటే అది 122 గ్రాములు తినాలి. మామూలుగా దాణాలో శక్తి తగ్గితే కోడి ఎక్కువ తిని సర్దుకుంటుంది. ఆ నమ్మకంతోనే చాలామంది ధైర్యం చేస్తారు. కానీ ఆకుపొడి బరువు తక్కువ, పరిమాణం ఎక్కువ. మెడ కింద మేత సంచి ముందే నిండిపోతుంది. పైగా దుమ్ములా ఉంటుంది, చేదో వగరో ఉంటుంది. నా పెట్టలు 12 గ్రాములు ఎక్కువ తినకపోగా, రోజూ తొట్టి అడుగున పచ్చటి పొడి వదిలేస్తూ వచ్చాయి. ఆ పొడిని రోజూ చూస్తూనే ఉన్నాను. చూసి, వృథా అవుతోందని చేత్తో మళ్ళీ పైకి కలిపేవాణ్ణి. అవి వద్దని చెబుతున్నాయని నాకు తట్టలేదు.

శక్తి, మెథియోనిన్ రెండూ తగ్గిన పెట్ట మొదట తన ఒంట్లో ఉన్న నిల్వలు ఖర్చు పెడుతుంది. కొన్నాళ్ళు గుడ్లు అలాగే వస్తాయి. తర్వాత గుడ్డు సైజు కాస్త తగ్గుతుంది, ఆ తర్వాత గుడ్డుకి గుడ్డుకి మధ్య రోజులు పెరుగుతాయి. నాకు మూడు వారాలు ఏమీ కనపడకపోవడానికి కారణం ఇదే. 'వారం రోజులు వేసి చూశాను, ఏం కాలేదు' అని ఎవరైనా ఆకుపొడి గురించి చెబితే, ఆ వారం చాలదు అని నా జవాబు.

ఇంకో మాట కూడా తరచుగా వింటాను. ఆకులో కాల్షియం దండిగా ఉంటుంది, పెంకు గట్టిపడుతుంది అని. సుబాబుల్, మునగ లాంటి ఎండు ఆకుల్లో 2 శాతం దాకా కాల్షియం ఉండే మాట నిజమే. గింజలతో పోలిస్తే అది చాలా ఎక్కువ కూడా. కానీ 5 శాతం ఆకుపొడి ఉన్న దాణా 110 గ్రాములు తినే పెట్ట కడుపులోకి వెళ్ళే ఆకు ఐదున్నర గ్రాములు. దానిలో కాల్షియం 0.11 గ్రాములు. ఒక్క గుడ్డు పెంకులో ఉండే కాల్షియం 2 గ్రాముల పైన. మరి కొన్ని ఆకుల్లో ఉండే ఆక్సలేట్లు ఆ కాస్త కాల్షియాన్ని కూడా పట్టేసుకుంటాయి. గవ్వపొడో, సున్నపురాయి గుండో ఎంత వేస్తున్నారో అంతా వేస్తూనే ఉండాలి. ఆకుని చూసి దాన్ని తగ్గించొద్దు.

ఇంత చెప్పాక, మరి ఆకు ఎందుకు వేయాలి అని అడిగితే, నా జవాబు పచ్చసొన దగ్గర మొదలవుతుంది. పచ్చసొనలోని పసుపుని కోడి తనంతట తాను తయారుచేసుకోలేదు. అది పూర్తిగా తిన్న మేతలోంచి రావాలి. లూటిన్, జియాజాంథిన్ అనే రంగు పదార్థాలు ఆకులోంచో పసుపు మొక్కజొన్నలోంచో రక్తంలోకి, అక్కడి నుంచి పచ్చసొనలోకి చేరతాయి. క్యారట్‌లో ఉండే బీటా కెరోటిన్ ఈ పనికి పెద్దగా పనికిరాదు. కోడి దాన్ని చాలావరకు విటమిన్ ఏగా మార్చేసుకుంటుంది. నూకలు, జొన్న, గోధుమ, తెల్ల మొక్కజొన్న ఎక్కువగా వేసేవాళ్ళ గుడ్లలో సొన పాలిపోయి ఉండేది ఇందుకే.

ఇక్కడ ఆకు సత్తా ఎంతో చూడండి. పసుపు మొక్కజొన్నలో ఈ రంగు పదార్థాలు కిలోకి 20 మిల్లీగ్రాముల చుట్టూ ఉంటాయి. బాగా ఆరబెట్టిన లూసర్న్ పొడిలో 200 పైన, 220 దాకా ఉంటాయి. దాణాలో 55 శాతం పసుపు మొక్కజొన్న వేస్తే ఎంత రంగు వస్తుందో, 5 శాతం మంచి ఆకుపొడి వేస్తే సుమారుగా అంతే రంగు పదార్థం వస్తుంది. నూకలో జొన్నలో చవగ్గా దొరికే కాలంలో మొక్కజొన్న తగ్గించాలనుకునేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ప్రొటీన్ లెక్కలో ఓడిపోయిన ఆకు ఈ లెక్కలో ఇంత సునాయాసంగా గెలుస్తుంది.

అలాగని ఎర్రటి సొన అంటే బలమైన గుడ్డు అని నేను చెప్పను. చెబితే అబద్ధం అవుతుంది. 1919 నాటికే అమెరికాలో పామర్, కెంప్‌స్టర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రంగు పదార్థాలు దాదాపు లేని మేతతో కోళ్ళని పెంచి చూపించారు. ఆ కోళ్ళు మామూలుగానే పెరిగాయి, గుడ్లు పెట్టాయి. సొనలో మాత్రం రంగు లేదు. కాబట్టి రంగు వేరు, బలం వేరు. అయితే ఆకులోంచి వచ్చే లూటిన్ మనిషి కంటి వెనక పొర (రెటీనా) మధ్యభాగంలో కూడా చేరి ఉండే పదార్థమే. గుడ్డులోని కొవ్వుతో కలిసి ఉండటం వల్ల అది మన ఒంటికి బాగా పడుతుంది. రంగు సీసాల్లో దొరికే కాంథాజాంథిన్ లాంటి వాటిని కూడా నేను విషం అనను. యూరోపియన్ యూనియన్ 2003లో గుడ్ల కోళ్ళ దాణాలో దానికి కిలోకి 8 మిల్లీగ్రాముల హద్దు పెట్టింది. ఆ హద్దులో వాడేవాళ్ళు వాడుతున్నారు. నా మాట ఒక్కటే. చెట్టు మీద ఉన్న రంగుని సరిగ్గా ఆరబెట్టుకుంటే, సీసా కొనాల్సిన అవసరం చిన్న షెడ్డుకి రాదు.

ఆకు కోడి మేతలోకి కొత్తగా వచ్చింది కూడా కాదు. విటమిన్లని ఫ్యాక్టరీల్లో తయారుచేయడం రాకముందు, షెడ్డులో మూసి పెంచే కోళ్ళ దాణాలో లూసర్న్ పొడి తప్పనిసరిగా ఉండేది. విటమిన్ ఏ చాలావరకు అలాంటి మేతలోంచే రావాలి మరి. విటమిన్ కె కథ అయితే కోడిపిల్లల దగ్గరే మొదలైంది. 1929 ప్రాంతంలో హెన్రిక్ డామ్ అనే డేనిష్ శాస్త్రవేత్త కొవ్వు తీసేసిన మేత పెట్టిన కోడిపిల్లలకి చర్మం కింద రక్తం కారడం గమనించాడు. అలా వెతుక్కుంటూ పోతే, రక్తం గడ్డకట్టడానికి కావలసిన ఆ పదార్థం పచ్చటి ఆకుల్లో పుష్కలంగా దొరికింది. 1939లో దాన్ని శుద్ధంగా వేరు చేసింది లూసర్న్‌లోంచే. ఇప్పుడు ప్రీమిక్స్ (దాణాలో కలిపే విటమిన్ల పొడి) ప్యాకెట్‌లో ఇవన్నీ వస్తాయి కాబట్టి ఆకు అవసరం తగ్గింది, నిజమే. కానీ ప్యాకెట్ పాతదైనా, ఎండలో ఉన్నా, సరిగ్గా కలవకపోయినా ఆకు ఉన్న దాణా కొంత ఆదుకుంటుంది.

ఆ విటమిన్ కె మాట ఎత్తగానే ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. అదే ఏళ్ళలో అమెరికాలో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తం కారి చనిపోవడానికి కారణం వెతుకుతున్నాడు. ఆ గడ్డిలో కూమరిన్ అనే పదార్థం ఉంటుంది. ఎండుగడ్డికి వాసన ఇచ్చేది అదే. బూజు పడితే అది డైకూమరాల్‌గా మారుతుంది. డైకూమరాల్ విటమిన్ కె పనిని అడ్డుకుంటుంది. అంటే ఆరిన ఆకు ఇచ్చేదాన్ని బూజు పట్టిన ఆకు లాగేసుకుంటుంది. గ్లిరిసిడియా ఆకులోనూ కూమరిన్ ఉంటుంది. గట్టు మీద విరివిగా పెరుగుతుంది కదా అని దాన్ని కోసి, సగం ఆరగానే గోనెలో కుక్కి మూల పెట్టేవాళ్ళకి ఈ మాట గట్టిగా చెప్పాలి.

అందుకే ఆరబెట్టడమే ఈ పనిలో సగం అంటాను. పచ్చి ఆకులో నాలుగింట మూడొంతుల పైన నీరే. నాలుగైదు కిలోల పచ్చి ఆకుకి ఒక కిలో పొడి వస్తుంది. ఎండలో పరిస్తే ఒక్క రోజులో గలగలమంటుంది కానీ, మనం ఏ రంగు కోసం ఇదంతా చేస్తున్నామో ఆ రంగు ఎండకే విరిగిపోతుంది. ఎండలో ఆరిన పొడి గడ్డి రంగులో ఉంటుంది, నీడలో ఆరినది ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. కంటితో చూస్తేనే తేడా తెలుస్తుంది. నీడలో, గాలి ఆడే చోట, పలచగా పరిచి రోజుకి రెండు మూడు సార్లు తిరగేయాలి. ఆకు పిడికిట్లో నలిపితే పొడి అయిపోవాలి. ఈనెలు, రెమ్మలు వేళ్ళకి తగిలితే వాటిని జల్లెడ పట్టి తీసేయాలి. వాటిలో పీచు తప్ప ఏమీ లేదు, అవి కలిస్తే మీ పొడి తవుడుకన్నా హీనమైపోతుంది. తేమ 10 శాతం దగ్గరికి దిగాకే సంచిలో కట్టాలి. వెలుతురు తగలని సంచిలో పెట్టాలి. అలా పెట్టినా నెలలు గడిచేకొద్దీ రంగు తగ్గుతూనే ఉంటుంది. ఏడాదికి సరిపడా ఒకేసారి చేసి పెట్టుకోవడం కన్నా, నెలకి సరిపడా చేసుకోవడం మేలు.

ఏ ఆకు అనేది మిగతా సగం. ఇక్కడ అన్ని ఆకుల్నీ ఒకే గాటన కట్టడానికి వీల్లేదు.

సుబాబుల్ సంగతి ముందు చెప్పాను. మైమోసిన్, అది విరిగాక వచ్చే ఇంకో పదార్థం, రెండూ మంచివి కావు. రెండోది థైరాయిడ్ మీద పని చేస్తుంది. లేత చిగుళ్ళలో విషం ఎక్కువ. ఉట్టినే ఆరబెట్టినంత మాత్రాన అది పోదు. నీళ్ళలో నానబెట్టి పారబోస్తే చాలావరకు దిగిపోతుంది, ఫెర్రస్ సల్ఫేట్ కలిపితే ఇనుము దాన్ని కొంత పట్టుకుంటుంది. 'మా మేకలు ఏళ్ళ తరబడి తింటున్నాయి, వాటికి ఏం కాలేదు' అనే మాట ఇక్కడ చెల్లదు. మేకకి నాలుగు గదుల పొట్ట ఉంది. 1980ల్లో రేమండ్ జోన్స్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త హవాయి మేకల పొట్టలో ఆ విషాన్ని విరిచే సూక్ష్మజీవులు ఉన్నాయని తేల్చాడు. వాటిని తీసుకెళ్ళి ఆస్ట్రేలియా పశువుల పొట్టలోకి ఎక్కిస్తే, అంతకు ముందు సుబాబుల్ పడని పశువులకి పడటం మొదలైంది. ఆ సూక్ష్మజీవికి తర్వాత ఆయన పేరు మీదే సినర్జిస్టెస్ జోనెసి అని పేరు పెట్టారు. కోడికి ఆ పొట్టా లేదు, ఆ సాయమూ లేదు.

కర్రపెండలం ఆకులో సయనైడ్‌ని విడుదల చేసే పదార్థం ఉంటుంది. దీనికి మందు సుబాబుల్‌కి ఉన్నట్టు నీళ్ళలో లేదు, కత్తిలో ఉంది. ఆకుని సన్నగా తరిగితే ఆకులోనే ఉన్న ఎంజైము ఆ పదార్థాన్ని తాకి విరిచేస్తుంది, సయనైడ్ గాలిలో కలిసిపోతుంది. తరిగి, కొన్ని గంటలు వాడనిచ్చి, తర్వాత నెమ్మదిగా ఆరబెట్టాలి. తరగకుండా గబగబా ఎండబెడితే ఎంజైముకి పని చేసే టైమే దొరకదు. అప్పటికీ కొంత మిగులుతుంది. ఆ మిగిలినదాన్ని విరుగుడు చేసుకోవడానికి కోడి ఒంట్లోని గంధకాన్ని వాడుకుంటుంది. ఆ గంధకం మెథియోనిన్‌లోంచే రావాలి. చూడండి, ఎక్కడ మొదలుపెట్టినా తిరిగి మెథియోనిన్ దగ్గరికే వస్తున్నాం. ఈ ఆకు వేసేవాళ్ళు మెథియోనిన్ కాస్త పెంచకుండా వేయకూడదు.

లూసర్న్‌కి ఇంత భయం లేదు, కానీ దానిలోని సాపోనిన్లు అనే పదార్థాలు మోతాదు మించితే కోడి మేత తగ్గిస్తాయి, గుడ్లూ తగ్గిస్తాయి. నాకు బాగా నప్పింది మునగ. ప్రొటీన్ 25 శాతం పైన, విషాలు తక్కువ, చెట్టు ఎన్నిసార్లు నరికినా చిగురిస్తుంది, ఆకు చిన్నది కాబట్టి నీడలోనే రెండు మూడు రోజుల్లో ఆరిపోతుంది, రెమ్మని దులిపితే ఆకు దానంతట అదే రాలుతుంది. అయినా అదీ మందులా వేయాల్సిందే. మునగ అయినా 10 శాతం దాటితే శక్తి లెక్క మళ్ళీ ఎదురు తిరుగుతుంది. విషం లేకపోతే పీచు లేకుండా పోదు కదా.

మరి 5 శాతం ఎవరి చోట్లో వేయాలి? తవుడు చోట్లో. గోధుమ తవుడుకి కిలోకి 1300 కిలో కేలరీలు. ఆకుపొడికి 1000 అనుకుందాం. 100 కిలోల దాణాలో 5 కిలోల తవుడు తీసి 5 కిలోల ఆకు వేస్తే, కిలో దాణాకి తగ్గే శక్తి 15 కిలో కేలరీలు. అది లెక్కలోకి రాదు. తవుడుకన్నా ఆకులో ప్రొటీన్ ఎక్కువ, కాల్షియం ఎక్కువ, రంగు ఎక్కువ. తవుడుతో పోలిస్తే ఆకు శక్తిలో కాస్త తగ్గినా, ఈ మూడు లెక్కల్లోనూ మెరుగ్గా ఉంది. సోయాతో పోలిస్తే దాదాపు ప్రతి లెక్కలోనూ తక్కువే. ఒకే ఆకు, చోటు మారగానే మంచిదవుతోంది. నేను ఇన్నాళ్ళూ వాదిస్తున్నది ఇదే. ఆకుని సోయా బరువు మోయమన్నవాళ్ళే దాన్ని చెడ్డ చేశారు. అందులో నేనూ ఉన్నాను.

పని కూడా భరించగలిగినంతే. నా 60 పెట్టలకి రోజుకి 330 గ్రాముల పొడి. నెలకి 10 కిలోలు. దానికి 45 కిలోల దాకా పచ్చి ఆకు. వారానికి ఒకసారి పదీ పన్నెండు కిలోలు కోస్తే చాలు. వేల కోళ్ళున్న ఫారానికి ఈ కూలీ గిట్టకపోవచ్చు. అక్కడ వాళ్ళు ప్యాకెట్ వైపే మొగ్గితే నేను తప్పు పట్టను.

ఒక మాట పక్కకి వెళ్ళి చెబుతాను. షెడ్డులో మూసి పెంచే పెట్టలు ఒకదాని ఈకలు ఒకటి పీకే అలవాటు ఉంటే, పొడితో పాటు పచ్చి రెమ్మలు కట్ట కట్టి వాటి తల ఎత్తుకి వేలాడదీసి చూడండి. కోడికి ముక్కుతో పొడుస్తూ, పీకుతూ, చీలుస్తూ ఉండటం పుట్టుకతో వచ్చిన పని. తొట్టిలో మెత్తటి మాష్ (పొడి దాణా) తినేశాక ఆ ముక్కుకి పని ఉండదు. అప్పుడు పక్కదాని తోక కనిపిస్తుంది. పీచుకి కోడి ఒంట్లో ఒక ఉపయోగం కూడా ఉంది. కాస్త గరుకు పదార్థం తగిలితే కందనకాయ బలంగా పెరుగుతుంది, మేతని బాగా నూరుతుంది. కట్ట వేలాడదీస్తే ఇంకో లాభం, ఎంత తినాలో కోడే తేల్చుకుంటుంది. తొట్టిలో పొడి కలిపేసి అది తినక తప్పని పరిస్థితి పెట్టడం కన్నా ఇది నాకు న్యాయంగా అనిపిస్తుంది. అయితే ఈ కట్ట మునగదో లూసర్న్‌దో అయి ఉండాలి, పచ్చి కర్రపెండలం ఆకుది కాకూడదు.

మొదలుపెట్టేవాళ్ళు షెడ్డు మొత్తానికి ఒకేసారి మార్చొద్దు. వీలైతే పెట్టల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి పాత దాణా, ఒక గుంపుకి ఆకు ఉన్న దాణా పెట్టండి. మొదటి వారం 2 శాతం, తర్వాత 5. పచ్చసొన గుడ్డులో పెరగడానికి వారం నుంచి పది రోజులు పడుతుంది, కాబట్టి మూడో రోజే గుడ్డు పగలగొట్టి రంగు రాలేదని ఆకు పెంచొద్దు. పదో రోజు రెండు గుంపుల గుడ్లు ఒకే తెల్ల పళ్ళెంలో పగలగొట్టి పక్కపక్కన చూడండి. రోజూ రాయాల్సినవి మూడు: ఎన్ని గుడ్లు, పది గుడ్ల బరువు ఎంత, తొట్టిలో ఎంత మేత మిగిలింది. ఈ మూడింటిలో ముందు కదిలేది మూడోదే. తొట్టి అడుగున పచ్చటి పొడి మిగులుతుంటే ఆ రోజే సగానికి తగ్గించండి. గుడ్లు తగ్గే దాకా ఆగితే, మళ్ళీ మామూలు స్థితికి రావడానికి ఇంకో రెండు మూడు వారాలు పోతాయి. నాకు 36 నుంచి మళ్ళీ 48కి రావడానికి దాదాపు అంతే పట్టింది.

ఇప్పుడు నా దాణాలో 5 శాతం మునగ ఆకుపొడి ఉంది. తవుడు ఆ మేరకి తగ్గింది. సోయా ఎప్పుడూ ఉన్నంతే ఉంది. సుబాబుల్ చెట్టుని కొట్టేయలేదు. దాని కొమ్మలు పక్కింటి మేకలకి వెళ్తున్నాయి.